ఎరుకు చేతిలో ఓడిన తర్వాతే ఎరుక

సంపాదకులు గారికి నమస్కారం.

కార్తీకమాసం వస్తుందంటే పత్రికల భక్తి పేజీల నిండా పురాణ కథలే. సంతోషం. కానీ వాటిని వేసే పద్ధతి గురించి ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం. "అర్జునుడు ఘోరమైన తపస్సు చేశాడు. శివుడు కిరాతుడి రూపంలో వచ్చి పరీక్షించాడు. మెచ్చి పాశుపతం ఇచ్చాడు." మూడు వాక్యాల్లో కథ అయిపోతుంది, కింద స్వామివారి రంగుల బొమ్మ. ఫోన్లలో తిరిగే అర నిమిషం వీడియోలదీ అదే దారి. మొదలు ఉంటుంది, వరం ఉంటుంది, నడిమి భాగం ఉండదు. సాధన చేసేవాడికి దారి చూపేది ఆ నడిమి భాగమే. దాన్ని తీసేస్తే మిగిలేది దేవుడి దగ్గర ఏం పుచ్చుకోవచ్చో చెప్పే జాబితా.

ఈ కథ మన సీమకు కొత్తది కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పైకప్పు మీద బొమ్మల వరుసగా గీశారు. వేలాడే స్తంభం కింద గుడ్డ లాగి చూసి, బసవన్న దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. మెడ వెనక్కి వంచి పది నిమిషాలు పైకి చూస్తే అర్జునుడి తపస్సు, పంది మీద గురి, కిరాతుడితో పోరు కనబడతాయి. గీసినవాళ్ళు తపస్సు నుంచి ఒక్కసారిగా వరానికి దూకలేదు. పందిని వదల్లేదు, పోరును వదల్లేదు.

భారతం అరణ్యపర్వంలో ఆ నడిమి భాగం ఎంత వివరంగా ఉందో చూడండి. వ్యాసుడు ప్రతిస్మృతి అనే విద్యను ధర్మరాజుకు ఇస్తాడు, ధర్మరాజు అర్జునుడికి ఉపదేశిస్తాడు. ఉపదేశం లేకుండా బయలుదేరడం లేదు. ఇంద్రకీలం దగ్గర ఇంద్రుడు ముసలి తాపసి వేషంలో ఎదురై, ఇది శాంతులుండే చోటు, ఇక్కడ విల్లెందుకు, పారెయ్యి నాయనా అంటాడు. అర్జునుడు పారెయ్యడు. వచ్చిన పని, అడవిలో వదిలి వచ్చిన అన్నదమ్ములు అతనికి గుర్తున్నారు. ఇల్లూ బాధ్యతా వదిలేస్తే చాలు శాంతి అదే వస్తుందని చెప్పే గొంతు ప్రతి సాధకుడికీ మొదట్లోనే వినబడుతుంది. కథ దాన్ని ఇక్కడే, ఇంత తొందరగా పెట్టడం ఊరికే కాదు.

తర్వాత తపస్సు. మొదటి నెల మూడు రాత్రులకొకసారి పండ్లు, రెండో నెల ఆరు రోజులకొకసారి, మూడో నెల పక్షానికొకసారి రాలిన ఆకులు. నాలుగో నెల గాలి తప్ప ఏమీ లేదు. చేతులు పైకెత్తి, దేనికీ ఆనుకోకుండా, కాలి వేళ్ళ కొసల మీద నిలబడ్డాడు. ఈ నాలుగు నెలల ఫలంగా అతని ముందుకు మొదట వచ్చింది దేవుడు కాదు, పంది. మూకాసురుడు పంది రూపంలో చంపడానికి వచ్చాడు. ఇది ఎవరూ ఆగి చూడని చోటు. జపం, ఉపవాసం మొదలుపెట్టిన రెండో మూడో వారంలో మనసులోంచి పాత కోపం, పాత అసూయ ఉప్పెనలా లేస్తుంది. చాలామంది ఇక్కడే "నాకు సాధన పడలేదు" అని మానేస్తారు. కథ తెలిసినవాడు పంది వచ్చిందని గుర్తుపడతాడు.

పందిని కొట్టడంతో పని అయిపోలేదు. అర్జునుడి బాణం, కిరాతుడి బాణం రెండూ ఒకేసారి తగిలాయి. ఇప్పుడు తగువు: పంది ఎవరిది? నేను ముందు గురిచూశానని ఒకడు, నేనని ఒకడు. నాలుగు నెలలు గాలి మీద బతికినవాడు చచ్చిన పంది కోసం అడవిలో ఒక బోయవాడితో వాదానికి దిగాడు. ఎన్నింటిని జయించినా "నేను ముందు" అన్నది మాత్రం ఇంకా లోపలే ఉంది. తపస్సు తెచ్చిపెట్టే గర్వం ఇది. మామూలు గర్వం కంటే గట్టిది.

ఆ తర్వాత పోరు జరిగే వరుస చూడండి. ముందు బాణాలు. ఎన్ని వేసినా కిరాతుడు నవ్వుతూ నిలబడ్డాడు. ఖాండవ దహనం నాడు దొరికిన అక్షయ తూణీరం ఖాళీ అయింది. పేరులోనే అక్షయం ఉన్నది ఖాళీ అయింది! బాణాలు పోతే అర్జునుడు విల్లు కొసతో పొడిచాడు, కిరాతుడు ఆ గాండీవాన్ని లాగేసుకున్నాడు. కత్తి దూస్తే తలకు తగిలి విరిగింది. చెట్లు, బండలు, చివరికి పిడికిళ్ళు. పట్టు బిగిసి స్పృహ తప్పి పడిపోయాడు. లేచి మట్టితో శివుణ్ణి చేసి పూలమాల వేశాడు. తల తిప్పి చూస్తే ఆ మాల కిరాతుడి తల మీద ఉంది.

పాత తెలుగులో కిరాతుణ్ణి ఎరుకు అంటారు. జ్ఞానాన్ని ఎరుక అంటాం. ఈ కథలో ఎరుకు చేతిలో ఓడిన తర్వాతే ఎరుక కలిగింది. ఇంద్రుడు వదలమన్నప్పుడు విల్లు వదలకపోవడం తప్పు కాదు, శివుడు లాక్కోవడం శిక్షా కాదు. తనంతట తాను పారేసి ఉంటే అది కర్తవ్యం నుంచి పారిపోవడం అయ్యేది. చివరి దాకా వాడి, వాడి, ఇక చేతిలో ఏమీ లేని స్థితికి రావడమే శరణాగతి. మట్టి లింగం చేయడానికి ఖాళీ చేతులు కావాలి కదా.

నడిమి ఓటమి లేని తపస్సు ఏమవుతుందో చూపడానికి పురాణం ఇంకో కథ పెట్టింది. మందర పర్వతం దగ్గర హిరణ్యకశిపుడు చేసిన తపస్సు అర్జునుడి తపస్సు కంటే పెద్దది. ఒంటి మీద పుట్ట లేచింది, చీమలు మాంసం తినేశాయి, ఎముకల్లో ప్రాణం నిలిచింది. బ్రహ్మ కమండలంలోని నీళ్ళు చల్లి లేపాడు. శ్రద్ధ, పట్టుదల, కాలం, దేనికీ లోటు లేదు. కానీ దారిలో ఎవరూ అతన్ని ఓడించలేదు. ఏ "నేను"తో కూర్చున్నాడో ఆ "నేను"తోనే లేచి వరాలు అడిగాడు: మనిషి వల్లా మృగం వల్లా, లోపలా బయటా, పగలూ రాత్రీ, నేల మీదా ఆకాశంలోనూ చావకూడదని. అందుకే ఆ కథ గడప మీద, సంధ్యవేళ, తొడ మీద, గోళ్ళతో ముగిసింది. ఆ గడపకు కొండంత రూపం చూడాలంటే మన అహోబిలం పోవాలి. ఎగువ అహోబిలం మీద ఉగ్రస్తంభం, భవనాశిని దూకే చోట జ్వాలా నరసింహుడు, దగ్గరే రక్తగుండం.

ఇక్కడ కూడా కథను సగంలో వదిలేస్తున్నాం. రాక్షసుడు చచ్చాడు, శుభం అంటున్నాం. చంపిన తర్వాత స్వామి కోపం తగ్గలేదు. దేవతలు దగ్గరికి పోలేకపోయారు, లక్ష్మీదేవీ జంకింది. చివరికి పసివాడైన ప్రహ్లాదుడు పోయి కాళ్ళ మీద పడ్డాడు. నవ నారసింహుల్లో జ్వాలతో పాటు లక్ష్మితో ఉన్న మాలోలుడు, ప్రహ్లాదుడికి యోగం చెప్పిన యోగానందుడు కూడా ఉన్నది అందుకే. లోపలి శత్రువును గెలిచినవాడిలో మిగిలే వేడి ఇంట్లోవాళ్ళను కాల్చకుండా చల్లారాలి. చెంచులక్ష్మి కథ సంగతి చెప్పనే అక్కర్లేదు: చెంచులకు ఇప్పటికీ స్వామి బావే. సంక్రాంతి మరుసటి రోజు మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకీ నలభై రోజులకు పైగా ఊళ్ళ వెంట తిరుగుతుంది, తన పెళ్ళికి అందరినీ పిలుస్తుంది. కొండ మీద ఉగ్రంగా లేచినవాడు ఊళ్ళోకి దిగి గడప గడపకూ రావడం కథలో చివరి భాగం. జ్వాలా నరసింహుడి దగ్గర సెల్ఫీ తీసుకుని దిగేవాళ్ళకు ఇది అందదు.

కథల నడకను మెట్లుగా విడదీసి చూపినవాళ్ళు పడమటి దేశాల్లోనూ ఉన్నారు. జోసెఫ్ కాంబెల్ 1949లో వీరుడి ప్రయాణాన్ని బయలుదేరడం, దీక్ష, తిరిగి రావడం అని మూడు భాగాలు, 17 మెట్లుగా చెప్పాడు. సినిమా కథలు రాసే కుర్రాళ్ళకు అది బాగా తెలుసు. పనికొచ్చే కొలతే. అయితే గజేంద్రుణ్ణి ఆ అచ్చులో పోయబోతే ఇమడడు. అతను ఎక్కడికీ బయలుదేరలేదు, దాహమై పెళ్ళాం పిల్లలతో మడుగుకు వచ్చాడు. తిరిగి ఇంటికీ పోలేదు. వెయ్యేళ్ళు పెనుగులాడి, మందలో ఎవరూ లాగలేకపోయాక, పిలిచే ముందు అసలు ఆయన ఉన్నాడా లేడా అని అనుమానపడ్డాడు. పోతన ఆ అనుమానాన్ని దాచలేదు. మొసలి కూడా శాపం తగిలిన గంధర్వుడే, చక్రం తగిలి దానికీ విడుదల దొరికింది. మనల్ని నీళ్ళలోకి లాగేదానికి కూడా ఒక శాపం ఉందన్న మాట ఏ అచ్చులోనూ లేదు.

మనకు మన కొలత ఉంది. ఒక గ్రంథం ఏం చెప్పదలచిందో తేల్చడానికి మీమాంసకులు, వేదాంతులు వాడేవి ఆరు గుర్తులు: ఉపక్రమ ఉపసంహారాలు (మొదలు, ముగింపు), అభ్యాసం (మళ్ళీ మళ్ళీ చెప్పడం), అపూర్వత (ఇంకెక్కడా లేనిది), ఫలం, అర్థవాదం (పొగడ్త), ఉపపత్తి (యుక్తి). అవి పండితులకే అనుకోవద్దు. కిరాతుడి కథకు పెట్టి చూడండి. మొదట్లో అడిగింది శత్రువుల మీద ఆయుధం, చివర దొరికింది బలహీనుడి మీద వేయకూడదన్న కట్టడితో ఆయుధం. ఈ రెంటి మధ్య తేడాయే ప్రయాణం. మళ్ళీ మళ్ళీ వచ్చేది చేతిలోది పోవడం, అది అభ్యాసం. ఇంకెక్కడా దొరకనిది లింగానికి వేసిన మాల బోయవాడి తల మీద కనబడటం, అది అపూర్వత. "ఇది విన్నవారికి సకల సంపదలు" అన్న ఫలశ్రుతి అర్థవాదం: వినడానికి కూర్చోబెట్టే ప్రోత్సాహం. మన భక్తి పేజీలు ఈ ఆరింటిలో అర్థవాదాన్ని ఒక్కదాన్నే తీసుకుని శీర్షిక చేస్తున్నాయి. అక్కడే చిక్కు.

గుడిలోనో రచ్చకట్ట మీదో కథ పెట్టుకునేవాళ్ళకు మా సలహా ఇది. నెలకు ముప్పై కథలు వద్దు, ఒక్క కథ చాలు, ఏడు సాయంత్రాలు. రోజూ నలభై నిమిషాలు కథ, తర్వాత పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా కూర్చోవడం, ఆ పైన పావుగంట మాటలు. ముసలి తాపసి విల్లు పారెయ్యమన్న దగ్గర మొదటి రోజు ఆపాలి. నాలుగు నెలల తపస్సు రెండో రోజు, పంది మూడో రోజు, తగువు నాలుగో రోజు. అయిదో రోజు తూణీరం ఖాళీ అయిన చోట ఆపాలి, ఆరో రోజుకు మాల. ఏడో రోజు ఇంద్రలోకంలో అయిదేళ్ళు, చిత్రసేనుడి దగ్గర ఆటపాటలు, ఊర్వశి శాపం అజ్ఞాతవాసంలో బృహన్నలకు అక్కరకు రావడం. ఈ ఏడో రోజును ఎగ్గొట్టడమే అందరూ చేసేది. వరం పుచ్చుకున్నవాడు విరాటుడి కొలువులో ఆడపిల్లలకు నాట్యం నేర్పుతూ ఏడాది అణిగి ఉండటం చెప్పకపోతే కథ ముగిసినట్టు కాదు.

దుఃఖం దగ్గర కథ ఆపకూడదు, మంగళం పాడి లేవాలని పెద్దలంటారు. ఆ మర్యాద ఉండాల్సిందే. మంగళం పాడండి, హారతి ఇవ్వండి. కానీ కథను మాత్రం ముందుకు జరపొద్దు. అయిదో రోజు రాత్రి ఖాళీ తూణీరంతోనే అందరూ ఇళ్ళకు పోవాలి. ఆ ఒక్క రాత్రి చేసే పని ఏ వ్యాఖ్యానమూ చేయదు. నిమ్మలకుంట తోలుబొమ్మలాట వాళ్ళకు ఇది బాగా తెలుసు. రాత్రంతా సాగే ఆటలో కేతిగాడు, బంగారక్క వచ్చి నవ్వించేది కూడా జనం ఆ నడిమి బరువును దించకుండా మోయడానికే.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. వినేవాళ్ళందరూ తమను అర్జునుడిగా, ప్రహ్లాదుడిగానే చూసుకుంటారు. అత్తగారో, పైఅధికారో హిరణ్యకశిపుడు అవుతారు. మాటల వేళ ఇది మొదలైతే ఆపి, "ఈ కథలో నాలో ఉన్న పుట్ట ఎక్కడ, పంది ఎక్కడ" అని మాత్రమే అడగాలి. ఇంకొకరు ధ్యానంలో వెలుగు కనబడిందని, అదే సాక్షాత్కారమని ప్రకటిస్తారు. యోగవాసిష్ఠం చెప్పే ఏడు భూమికల్లో, అంటే జ్ఞానానికి మెట్లలో, శుభేచ్ఛ (మంచి కోరిక), విచారణ, తనుమానసి (మనసు పలచబడటం) మొదటి మూడే. అనుభవాల హడావుడి చాలావరకు అక్కడే ఉంటుంది. అర్జునుడి ఆహార నియమం మాత్రం ఎవరూ అనుకరించొద్దు. షుగరు, బీపీ మందులు వాడేవాళ్ళు కార్తీక ఉపవాసాలకు ముందు డాక్టరును అడగాలి. తపస్సంటే తిండి మానడమే అనుకుని స్పృహ తప్పి పడితే అది కిరాతుడి పట్టు కాదు. సాధన పేరుతో నిద్ర కరువై, గొంతులు వినబడి, మనిషి మారిపోతే ఇంట్లోవాళ్ళు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి. కథ చెప్పే అయ్యవారికి అది తన పని కాదని తెలిసి ఉండాలి.

సంపాదకులు గారికి మా విన్నపం చిన్నది. ఈ కార్తీకంలో వారానికి ఏడు కథల బదులు ఒక్క కథను ఏడు రోజులు వేయండి. అయిదో రోజు భాగం కింద "సశేషం" అని ఉంచండి, వరం సంగతి ముందే శీర్షికలో పెట్టకండి. బొమ్మ కావాలంటే లేపాక్షి పైకప్పు మీది పంది బొమ్మ ఉంది, మీ ఫోటోగ్రాఫరుకు హిందూపురం నుంచి అరగంట దారి.

ఇట్లు,
పురాణ కాలక్షేపం నడిపే కొందరం,
హిందూపురం, ఉమ్మడి అనంతపురం జిల్లా