జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ: ప్రాజెక్టు మార్కులు జిరాక్స్ షాపుకేనా?

అయ్యా, నమస్కారం.

రాసిచ్చిన అర్జీలేవీ మీ టేబుల్ దాకా వచ్చినట్టు లేవు. అందుకే నలుగురూ చదివే చోట రాస్తున్నాను. చివరి అర్జీకి మాత్రం జవాబొచ్చింది, కాదనను. ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్. ఏం పరిష్కరించారో తెలిస్తే వీధిలో మిఠాయిలు పంచేదాన్ని. ఆఫీసులో అడిగితే పైకి పంపామన్నారు. పైన అడిగితే కింద కనుక్కోమన్నారు.

గొడవంతా ఎఫ్‌ఏలో, అంటే బడిలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, ప్రాజెక్టు పనికిచ్చే ఆ ఐదు మార్కుల గురించే.

మా ఇంటి ముందు గదిలో కర్రీ పాయింట్ నడుపుతాను. మా అబ్బాయిది ప్రభుత్వ బడి, ఏడో తరగతి. నిష్పత్తులు బుర్రకెక్కడం లేదని ఏడుస్తుంటే దోసెల పిండి దగ్గర కూర్చోబెట్టాను. ఒక గ్లాసు మినప్పప్పుకి మూడు గ్లాసుల బియ్యం. మరి పప్పు రెండున్నర గ్లాసులైతే? వేళ్ల మీద లెక్కేసి ఏడున్నర అన్నాడు. అక్కణ్ణుంచి వాణ్ణి ఆపడం నావల్ల కాలేదు. రాత్రి రుబ్బిన పిండి ఎక్కడిదాకా ఉందో గిన్నె మీద గీత గీసేవాడు, పొద్దున్నే ఎంత పొంగిందో స్కేలు పెట్టి కొలిచేవాడు. ఎండాకాలంలో పొంగి పొర్లిన పిండి చలికాలంలో ఎందుకు కదలదో నోట్‌బుక్‌లో గ్రాఫు వేశాడు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకి మరుగుతాయి, కుక్కర్‌లో ఆవిరి బిగబట్టడం వల్ల 120 దాకా పోతాయి, అందుకే కందిపప్పు తొందరగా ఉడుకుతుందని రాసుకున్నాడు. టమాటా ధర పెరిగిన వారం పప్పు ప్యాకెట్ మీద నాకెంత మిగిలిందో లాభనష్టాల లెక్క కట్టాడు. ఆ లెక్క చూసి నేనే ధర మార్చాను.

నోట్‌బుక్‌లో ఒక పేజీకి పసుపు మరక అంటింది. దాని మీద సబ్బునీళ్లు చుక్క వేస్తే ఎర్రబడింది, నిమ్మరసం వేస్తే మళ్లీ పసుపయింది. ఆమ్లం, క్షారం అని పక్కనే బాణం గుర్తులు పెట్టాడు. ఆ నోట్‌బుక్‌నే ప్రాజెక్టుగా బడిలో ఇస్తే, ఆ పేజీ చూసే ‘పుస్తకం ఇంత మురికిగానా’ అని వెనక్కి ఇచ్చేశారు. ఐదుకి సున్నా.

తర్వాత అందరూ చేసేదే చేశాను. జిరాక్స్ షాపుకి వెళ్లి ‘కిణ్వ ప్రక్రియ’ (పిండి పులియడానికి పుస్తకాల్లో పేరు) కావాలంటే కుర్రాడు నెట్‌లోంచి తీసి ప్రింటిచ్చాడు. రంగుల అట్ట, స్పైరల్ బైండింగ్, లోపల ఏదో ఫ్యాక్టరీలో ఇనప ట్యాంకుల బొమ్మ. 150 రూపాయలు. మావాడు అందులో ఒక్క ముక్క చదవలేదు. ఐదుకి ఐదు! పక్క బెంచీ పిల్లాడిదీ అదే ప్రింటు. ‘కిణ్వ’ అన్న మాటలో ఒకే తప్పు ఇద్దరికీ ఉంది, ఇద్దరికీ ఐదే. రోజు కూలికి వెళ్లే తల్లి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలో కూడా కాస్త సెలవివ్వండి.

టీచరమ్మని నేననను. తనిఖీకొచ్చినవాళ్లు ఫైళ్లు అందంగా ఉన్నాయా అనే చూస్తారట, పైనుంచి ఆర్డరు లేనిదే ఆవిడేం చెయ్యగలదు? పిల్లలు వంటింట్లో కొలిచి రాసింది కూడా ప్రాజెక్టుగా తీసుకోమనే ఆ ఆర్డరు కోసమే మీ ఆఫీసు గుమ్మం తొక్కాను. అక్కడొకాయన ‘వంట నేర్పడానికి బడికి పంపుతున్నావా అమ్మా’ అని నవ్వాడు. ఇంకొకాయన, ఆడపిల్లలకైతే పనికొస్తుందని సలహా ఇచ్చాడు. నాకున్నది మగపిల్లాడు. వాడు వండిన ఉప్మా తినే నేను షాపు తెరుస్తున్నాను, ఎవరికైనా అభ్యంతరమా? పొయ్యి దగ్గర ప్రమాదం అన్నారు, అది ఒప్పుకుంటాను. అయితే పొయ్యి అక్కర్లేనివే పెట్టించండి. పాలు తోడెయ్యడానికి, పెసలు మొలకెత్తించడానికి, సోలలూ తవ్వలూ మానికలూ కొలవడానికి అగ్గిపుల్లతో పనేముంది?

చట్టాలు నాకు తెలియవనుకోకండి. 2009 విద్యా హక్కు చట్టం 29వ సెక్షన్ పిల్లలు పనులు చేస్తూ, వెతికి కనుక్కుంటూ నేర్చుకోవాలంటోంది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి పది రోజులు సంచీ లేని బడి పెట్టమంది. వడ్రంగం, తోటపని, కుండలు చెయ్యడం అని పేర్లు కూడా రాసింది. వంట పేరు రాయలేదు, మా ఖర్మ! మిగతావి స్థానికంగా నిర్ణయించుకోమన్నారు కదా, స్థానికం అంటే మీరేగా సార్.

పెద్ద కోరికలేం లేవు. పిల్లలు ఇంట్లో వంట చేస్తూ కొలిచి, చూసి, సొంత చేత్తో రాసింది ఏదైనా ప్రాజెక్టుగా తీసుకోవాలని అన్ని బడులకీ ఒక సర్క్యులర్ పంపండి. మరక ఉందని వెనక్కి పంపొద్దని అందులో ఒక వాక్యం చేర్చండి. షాపు ప్రింట్లకి మార్కులు ఆపండి. దండం పెట్టి అడుగుతున్నాను, వచ్చే ఎఫ్‌ఏ లోపల ఆపండి. కుదరదంటే ఎందుకు కుదరదో కారణం రాసి, కింద మీ సంతకం పెట్టి ఇవ్వండి.

ఇట్లు,
ఏడో తరగతి విద్యార్థి తల్లి