పత్రికల లింకులు: మీ సైట్లో ఏం తీస్తున్నాం, ఏం ఉంచుతున్నాం

మీ సైట్లో "పత్రికల్లో మా గురించి" పేజీని మేమే చూస్తున్నట్టయితే ఈ కబురు మీకే. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆ పేజీ కాస్త బోసిగా కనిపిస్తుంది. వార్తలోంచి తెచ్చిపెట్టిన మొదటి పేరా ఉండదు, పక్కన చిన్న ఫొటో ఉండదు. పత్రిక పేరు, తేదీ, వార్త సంగతి మా మాటల్లో ఒక వాక్యం, దానికి లింకు. అంతే. లింకులు ఒక్కటి కూడా తీయడం లేదు, వాటికని బిల్లులో కలిపేదీ లేదు.

లింకు ఇచ్చినందుకు పత్రికలు డబ్బు అడుగుతాయా అని చాలామంది అడుగుతున్నారు. అడిగిన మాట నిజమే. 2012లో ఐర్లాండ్‌లో పత్రికల తరఫున లైసెన్సులిచ్చే సంస్థ, గృహహింస బాధితులకు సాయపడే విమెన్స్ ఎయిడ్‌ను లింకులకు రుసుము కట్టమంది. 1 నుంచి 5 లింకులకు 300 యూరోలు, 6 నుంచి 10కి 500, 26 నుంచి 50 దాకా 1,350, ఆపైన మాట్లాడుకోవాలి. విమెన్స్ ఎయిడ్ చేసిన పనల్లా తమ విరాళాల సేకరణ గురించి వచ్చిన వార్తలకు దారి చూపడం. ఊరికి దారి చెప్పినవాడి దగ్గర టోల్ వసూలు చేసినట్టుంది.

ఆ వాదనకు యూరప్‌లో పెద్దగా ఊపిరి మిగల్లేదు. 2014 ఫిబ్రవరిలో స్వెన్సన్ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, అందరికీ తెరిచి ఉన్న పేజీకి లింకు ఇవ్వడానికి హక్కుదారు అనుమతి అక్కర్లేదంది. చందాదారులకే పరిమితమైన పేజీకి అడ్డదారి చూపే లింకు మాత్రం వేరే సంగతంది. 2016లో జీఎస్ మీడియా కేసులో ఇంకో మెలిక పెట్టింది: లాభం కోసం నడిచే సైటు అనుమతి లేని కాపీకి లింకు ఇస్తే, అది అక్రమమని తెలిసే ఇచ్చిందని ముందుగా అనుకుంటారు. కాదని నిరూపించుకోవాల్సింది లింకు ఇచ్చినవాళ్లే. మీది వ్యాపార సైటు కాబట్టి ఇది మీకు తగులుతుంది. అందుకే ఎవరో తిరిగి ఎక్కించిన పీడీఎఫ్‌లకు, చందా గోడ దాటించే కాపీలకు ఉన్న లింకులన్నీ పత్రిక సొంత చిరునామాకు మారుస్తున్నాం. చందాదారు బహుమతిగా పంపే లింకులూ వద్దు. చాలావాటికి గడువుంటుంది, అది తీరాక మీ పాఠకుడు తలుపు దగ్గరే ఆగిపోతాడు.

అసలు చిక్కు లింకులో లేదు, దాని పక్కన అతికించిన సరుకులో ఉంది. 2009లో ఇన్ఫోపాక్ కేసులో అదే న్యాయస్థానం, వార్తలోంచి తీసిన 11 పదాల ముక్కకు కూడా కాపీరైట్ ఉండొచ్చంది. బ్రిటన్‌లో మెల్ట్‌వాటర్ కేసులో 2011లో అప్పీలు కోర్టు, శీర్షికకు కూడా రక్షణ ఉండొచ్చని చెప్పింది. 2019 నాటి యూరోపియన్ కాపీరైట్ డైరెక్టివ్ 15వ అధికరణ పత్రికలకు రెండేళ్ల ప్రత్యేక హక్కు ఇస్తూనే, లింకులను, విడి పదాలను, "అతి చిన్న" ముక్కలను మినహాయించింది. అతి చిన్న అంటే ఎన్ని పదాలో అందులో రాయలేదు. ఆ గీత ఎక్కడుందో మీ ఖర్చుతో కనుక్కోవడం మాకిష్టం లేదు.

కాబట్టి శీర్షికలు కూడా పేజీ మీద పెట్టం. కానీ వాటిని పారేయం. పత్రికలు సైటు మార్చినప్పుడు పాత లింకులు 404కు, అంటే 'పేజీ దొరకలేదు' అనే సందేశానికి పోతాయి. అప్పుడు వార్తను వెతికి పట్టుకోవడానికి శీర్షికే ఆధారం. ప్రతి వార్తకూ శీర్షిక, రాసినవారి పేరు, తేదీ, పేజీ నంబరు లోపలి పట్టికలో ఉంచుతాం. మూడు నెలలకోసారి లింకులన్నీ పరీక్షిస్తాం. 404 వస్తే దొరికిపోతుంది. పాత చిరునామాను పత్రిక నేరుగా హోమ్ పేజీకి మళ్లిస్తేనే ఇబ్బంది: యంత్రం దాన్ని సరిగ్గా ఉన్నట్టే లెక్కేస్తుంది. అందుకని కంటితో కూడా చూస్తాం.

ఇప్పటిదాకా మేం చేసిన పొరపాటు కూడా చెప్పాలి. లింకు అతికించగానే ఫొటోతో, రెండు లైన్లతో తయారయ్యే ప్రివ్యూ కార్డును మీ సైట్లలో మేమే ఆన్ చేశాం, చూడ్డానికి బాగుందని. ఆ కార్డు పత్రిక పేజీలోని ఓజీ ట్యాగుల (ప్రివ్యూలో ఏం చూపాలో చెప్పే కోడ్) నుంచి బొమ్మను తెచ్చుకుని, వేగం కోసం మీ సర్వర్లో ఒక కాపీ దాచుకుంటుంది. అంటే అది లింకు కాదు, కాపీ. పైగా ఆ ఫొటో చాలాసార్లు పత్రికది కాదు, ఫొటో ఏజెన్సీది. పత్రిక ఊరుకున్నా ఏజెన్సీ ఊరుకోదు. సెట్టింగు ఆపితే కొత్తవి రావు గానీ పాత బొమ్మలు మీడియా ఫోల్డర్లో అలాగే ఉంటాయి, నేరుగా చిరునామా కొడితే తెరుచుకుంటాయి. వాటిని చేత్తో తీసి, సర్వర్ దాచుకున్న తాత్కాలిక కాపీలనూ (cache) చెరిపేస్తున్నాం. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లు ఇంకోటి గమనించాలి: లింకును ఒక లైన్లో ఒంటరిగా పెడితే, అవతలి సైటు ఒప్పుకుంటే, అది తనంతట తానే కార్డుగా మారుతుంది. వాక్యంలో పదానికి లింకు తగిలిస్తే మారదు.

వార్తలకు పత్రికలకు డబ్బు చెల్లించాలంటూ ఆస్ట్రేలియాలో 2021లో, కెనడాలో 2023లో వచ్చిన చట్టాలు పెద్ద ప్లాట్‌ఫామ్‌ల కోసం, మీ పేజీ జోలికి రావు. వాటి సెగ మాత్రం తగలొచ్చు: 2023 ఆగస్టులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తల లింకులు ఆపేసింది. అక్కడ మీ ఖాతాదారులుంటే పత్రిక లింకు బదులు మీ సైటు పేజీ లింకు పంచుకోండి.

ఎవరైనా రుసుము కట్టమని ఉత్తరం రాస్తే వెంటనే కట్టొద్దు, కంగారుపడి పేజీ తీసేయొద్దు. ముందు పేజీని తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత రాతపూర్వకంగా అడగండి: ఏ చిరునామాలు, ఏ వార్త, అభ్యంతరం లింకు మీదా, పాఠం మీదా, ఫొటో మీదా, ఏ దేశపు చట్టం కింద, పత్రిక మీకిచ్చిన అధికారపత్రం ఏది? ఫొటో గురించి అయితే దాన్ని ఆ రోజే దించాలి. దించినంత మాత్రాన పాత వాడకానికి అడగరని కాదు, అక్కడ వకీలు కావాలి. మేం వకీళ్లం కాదు.

ఒక్కో వార్తకు సొంత వాక్యం రాయడానికి టైం పడుతుంది. నెలకు 20 వార్తల దాకా పాత బిల్లే. అంతకు మించితే ముందే చెప్పి కలుపుతాం. ఫొటోలకో, స్కాన్ చేసిన క్లిప్పింగులకో మీ దగ్గర అనుమతి పత్రాలుంటే ఈ నెల 25లోగా పంపండి, వాటిని కదపం. పత్రం లేనివి దించేస్తాం.