తాళపత్రాల సీన్లు రాసేవాళ్లకి

అందరికీ నమస్కారం. 1940ల తిరుపతిలో గ్రంథపాలకుడి కథ రాస్తున్నవాళ్లు ఇది చూసుకోండి. టీటీడీ ప్రాచ్య పరిశోధన సంస్థ మొదలైంది 1939లో. అప్పట్లో మనది మద్రాసు ప్రెసిడెన్సీ, 'ఆంధ్రప్రదేశ్' అని రాయొద్దు.

తాటాకు మీద కలంతో సిరా పెట్టి రాయించకండి, దయచేసి. ఘంటంతో, అంటే మొన ఉన్న ఇనుప పుల్లతో గీస్తారు. దీపపు మసిని నూనెలో కలిపి ఆ గాట్లలోకి రుద్ది, పైన తుడిస్తే అక్షరం నల్లగా తేలుతుంది. మసి పోతే చదవలేం, మళ్లీ రుద్దాల్సిందే. గ్రంథపాలకుడి వేళ్లు నల్లబడాలి, ఆ సీను వదులుకోకండి.

కట్ట విప్పేటప్పుడు తాడు గుంజకూడదు, తాడు దూర్చిన చిల్లు దగ్గర ఆకు చీలుతుంది. చదివాక రెండు చెక్కల మధ్య బిగించి కట్టాలి. వదులైతే ఆకులు వంకరపోతాయి, సందుల్లో పురుగు చేరుతుంది. నిమ్మగడ్డి నూనె రాస్తే పెళుసు తగ్గుతుంది, పురుగూ రాదు.

డ్రాఫ్టులు ఆదివారంలోపు పెట్టండి.