5జీ ఉంది, జనమే కదలడం లేదు

అయ్యా,

మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. మా తెనాలిలోనూ సిగ్నల్ ఉంది. అయినా మా వీధిలో చాలామంది పాత 4జీ ఫోన్లతోనే నెట్టుకొస్తున్నారు. కిరాణా కొట్టు ఆయన్ని అడిగితే, "డబ్బులు పడ్డాయని పెట్టె అరుస్తోంది, వాట్సాప్ వస్తోంది. ఇంకేం కావాలి సార్?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

2016లో జియో వచ్చినప్పుడు ఇలా లేదు. ఉచిత కాల్స్, ఉచిత డేటా అనేసరికి సిమ్ కోసం జనం బారులు తీరారు. అప్పుడు లాభం కళ్లకు కనబడింది. ఇప్పుడు ముందు కొత్త ఫోన్ కొనాలి. 2024 జులైలో ప్రైవేటు కంపెనీలు రీఛార్జి ధరలు పెంచాయి. జియో, ఎయిర్‌టెల్ అయితే అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపై డేటా ఇచ్చే ప్లాన్లకే పరిమితం చేశాయి.

నేను మాత్రం ముచ్చటపడి 5జీ ఫోన్ కొన్నాను. వరండాలో వేగం అదిరిపోతుంది. వంటింట్లోకి వెళ్తే 4జీకి పడిపోతుంది. 5జీకి ఎక్కువగా వాడే 3300 మెగాహెర్ట్జ్ తరంగాలు గోడలు దాటేసరికి నీరసిస్తాయట! కస్టమర్ కేర్ వాళ్లు "ఫోన్ ఆపి ఆన్ చేయండి" అన్నారు. సాయంత్రానికి బ్యాటరీ ఖాళీ. చివరికి సెట్టింగ్స్‌లో 5జీ ఆపేశాను.

ఇంటి లోపల సిగ్నల్ ఎలా ఉంటుందో, ఏ ప్లాన్‌కు 5జీ వస్తుందో కంపెనీలు ముందే తెలుగులో స్పష్టంగా చెప్పేలా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చూడాలి.

ఇట్లు,
ఒక వినియోగదారుడు, తెనాలి