దసరా సెలవుల ముందు తల్లిదండ్రులకు ఒక మాట

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

శుక్రవారం బడిలో బతుకమ్మ ఆడిన రోజు జరిగిన సంగతి మీ వాట్సాప్ గ్రూపుల్లో రకరకాలుగా తిరుగుతోందని విన్నాను. ‘ఫీజులు కట్టేది పిల్లలతో నీళ్లు మోయించడానికా?’ అని కొందరు అడిగారట. జరిగింది జరిగినట్టు చెబుతాను.

వరండాలో ఉన్న నీలం డ్రమ్ములోవి తాగే నీళ్లు. మేడ మీది ట్యాంకులోవి బోరునీళ్లు, చేతులు కడుక్కోవడానికే. తాగడానికి గేటు పక్క నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లను ఆయమ్మ బిందెలతో మోసి, ప్రార్థన గంట కొట్టేలోపే డ్రమ్ము నింపి పెడుతుంది. శుక్రవారం ఆట అయిపోయాక ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కొందరు ఆ నీళ్లన్నీ మగ్గులతో ఒకరి మీద ఒకరు కుమ్మరించుకున్నారు. అన్నాల వేళకు ఒకటో తరగతి బాబు మెతుకులంటిన చేత్తోనే వచ్చి, డ్రమ్ము నల్లా తిప్పి చూసి, ఖాళీ బాటిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. ఆయమ్మ ఎవరినీ ఏమీ అనలేదు, మళ్లీ బిందె ఎత్తుకుంది. ఆ బిందె నేను తీసుకుని పెద్ద పిల్లల చేతికిచ్చాను. ఇద్దరేసి పట్టుకుని, డ్రమ్ము నిండేదాకా వాళ్లే మోశారు. అది ఆయమ్మ ఒంటరిగా రోజూ చేసే పని. ఆమె చేస్తే పని, మన పిల్లలు ఒక్కపూట చేస్తే అవమానం ఎట్లా అయిందో నాకు అర్థం కాలేదు.

నల్గొండ జిల్లాలో పుట్టిన పిల్లలకు నీళ్ల విలువ తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి? మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు మీ బంధువుల్లోనే గార పట్టిన పళ్లు, వంకర తిరిగిన కాళ్లు, వంగిపోయిన నడుములు ఉన్నాయి. అదంతా అక్కడి బావి, బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. దానికి రంగు లేదు, వాసన లేదు, మరగబెట్టినా పోదు. పటిక, సున్నం కలిపి దాన్ని తగ్గించే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు మన ఊరి పేరే పెట్టారు. ఆఫ్రికా దేశాల్లో కూడా అది నల్గొండ పద్ధతే. మన జబ్బు అంత దూరం తెలిసింది. ఆ ఫ్లోరైడ్ బారిన పడ్డ శివన్నగూడెం అంశల స్వామి వంకర ఒంటితోనే మంచినీళ్ల కోసం ఢిల్లీ దాకా వెళ్లి గొంతెత్తాడు, 2023లో పోయాడు. అటువంటివాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడితేనే ఇవాళ మన గేటు పక్కన కృష్ణా నీళ్లు పడుతున్నాయి. ఆ నీళ్లను పిల్లలు సగం తాగి, సగం మొక్కకు కూడా పోయకుండా పారబోస్తుంటే నాకు కడుపు మండుతుంది.

మీ పిల్లల గురించి మంచి మాట కూడా చెప్పాలి. నీళ్లు మోసినవాళ్లలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మరునాడు ఎవరూ చెప్పకుండానే ముందుగా వచ్చి ఆయమ్మతో బిందె పట్టింది. పేరు రాయొద్దని బతిమాలింది కాబట్టి రాయడం లేదు. ఎనిమిదో తరగతి బాబు ఇంటికి వెళ్లి, ‘నీ మోకాళ్లు ఎందుకు ఇట్లయినయ్ తాతా?’ అని అడిగి, తాత తాగిన బాయినీళ్ల కథంతా రాసుకొచ్చి సోమవారం ప్రార్థనలో చదివాడు. మా తెలుగు సారు కళ్లు తుడుచుకున్నారు. ఇంత చక్కటి పిల్లలను కన్నందుకు మీకు నా అభినందనలు.

అయితే పిల్లలు చెప్పింది విని నేర్చుకోరు, చూసి నేర్చుకుంటారు. తిన్న కంచం తీసే అలవాటు పదో తరగతికి వచ్చినా లేదంటే అది బడిలో పోయిన అలవాటు కాదు. పొద్దున గేటు దగ్గర మీరు ఫోన్ చెవిన పెట్టుకుని పిల్లల్ని దించుతున్నారు. వ్యాను డ్రైవరన్న రెండు నిమిషాలు ఆలస్యమైతే పిల్లల ముందే ‘ఏయ్’ అని కేకలేస్తున్నారు. అతను మీకంటే పెద్దవాడు. దయచేసి గమనించండి.

రేపటి నుంచి సెలవులు, బడి తెరిచే తేదీ, టర్మ్ ఫీజు వివరాలు డైరీలో ఉన్నాయి, తిరిగి రాగానే పరీక్షలు.

సెలవుల్లో వేరే హోంవర్క్ పెట్టలేదు. రోజూ రాత్రి ఆ రోజు తమకోసం ఎవరు ఏ పని చేశారో ఒక్క వాక్యం నోటుబుక్కులో రాయాలి. ‘అమ్మానాన్నలకు, దేవుడికి థ్యాంక్స్’ అని రాస్తే ఒప్పుకోను. అమ్మ అయితే ఏం చేసిందో రాయాలి: ఎండలో తిరిగి తంగేడు పువ్వు తెచ్చిందా, సద్దుల బతుకమ్మకు పొద్దున్నే లేచి నువ్వులు దంచి సద్ది చేసిందా? దసరా సాయంత్రం జమ్మి ఆకు పెట్టడానికి పిల్లల్ని చుట్టాలిళ్లకే తీసుకెళ్లకండి. మీ వాడలో చెత్తబండి నడిపే అన్నకు, నల్లా నీళ్లు వదిలే ఆయనకు, మీ ఇంట్లో గిన్నెలు తోమే అమ్మకు పిల్లల చేత్తో ఆ జమ్మి బంగారం పెట్టించి కాళ్లు మొక్కించండి. కుదిరితే ఆమెకు సద్దులు కూడా ఇచ్చి పంపండి, మిగిలినవి కాదు, ముందే తీసి పెట్టినవి.

బడి తెరిచిన రోజు నోటుబుక్కులు నేనే చూస్తాను. నీళ్ల డ్రమ్ము నింపే పనిలో ఆయమ్మకు సాయంగా రోజుకొక తరగతి నుంచి ఇద్దరు వంతులవారీగా ఉంటారు. దీనిపై అభ్యంతరం ఉన్నవాళ్లు గ్రూపులో కాకుండా నా గదికి వచ్చి మాట్లాడండి, తప్పకుండా వింటాను.

బతుకమ్మ, దసరా శుభాకాంక్షలతో,
ప్రధానోపాధ్యాయురాలు
నల్గొండ