అమ్మ కాన్పు సంగతి అడిగారా?

సంపాదకులకు నమస్కారం.

నాకు 37వ వారంలోనే కాన్పయింది. బీపీ పెరిగి, కళ్ల ముందు మెరుపులు. నన్ను కన్నప్పుడు తనకూ ఇంతేనని అమ్మ అప్పుడు చెప్పింది! తెలిసుంటే మొదటి చెకప్‌లోనే డాక్టరుకు చెప్పేదాన్ని. దీన్ని ప్రీ-ఎక్లాంప్సియా (గర్భిణికి బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) అంటారు. తల్లికో, అక్కచెల్లెళ్లకో అది వచ్చుంటే మనకూ ముప్పు ఎక్కువ. అలాంటివారిలో అవసరమైనవారికి డాక్టర్లు వీలైతే 16 వారాలలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. సొంతంగా మాత్రం వేసుకోకూడదు.

37 వారాలంటే ‘నెలలు నిండాయిగా’ అంటారు. 39 వారాలు నిండి పుట్టినవారికంటే ఈ పిల్లలకు ఊపిరి ఇబ్బంది, కామెర్లు ఎక్కువ. మా పాప కామెర్లు తగ్గడానికి మూడు రోజులు కళ్లకు గంతలతో నీలి దీపం కిందే ఉంది. చెకప్ ఫారాల్లో షుగర్, బీపీ గురించి అడుగుతారు. అమ్మకు కాన్పు ఎలా అయిందనీ తప్పక అడగాలి.

– ఒక పాఠకురాలు