తల్లుల మీద నేరం మోపకండి

అయ్యా,

పోయిన ఆదివారం సైన్సు పేజీలో మాయలోని (కడుపులో బిడ్డకు పోషణ అందించేది) జన్యువుల గురించి వేసిన వార్తకు ‘తల్లి టెన్షన్ పడితే బిడ్డ బుర్రకు ముప్పు’ అని శీర్షిక పెట్టారు. అప్పటి నుంచి మా అమ్మాయికి సర్దిచెప్పడంతోనే సరిపోయింది, అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను. దానికి ఏడో నెల. పక్కింటావిడ ఆ శీర్షిక చదివి వినిపించి, ‘ఏడవకమ్మా, పిల్లకి తగుల్తుంది’ అని చెప్పి వెళ్లింది. ఆ రాత్రి నుంచి దానికి నిద్ర లేదు.

ఇంతకీ ఆ పరిశోధనలో ఉన్నదేమిటి? తల్లి ఒంట్లో టెన్షన్ పడితే పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ బిడ్డకు మోతాదు మించి చేరకుండా దాన్ని నిర్వీర్యం చేసే ఎంజైమ్ ఒకటి మాయలో ఉంటుంది. దాని జన్యువు హెచ్‌ఎస్‌డి11బి2. ఆ జన్యువు మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పెరిగితే దాని పని మందగిస్తుంది. అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ఆరోగ్యంగా పుట్టిన 185 మంది పిల్లల మాయలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆ గుర్తులు ఎక్కువున్నచోట పిల్లల కదలికల నాణ్యత కాస్త తక్కువగా కనిపించింది. రెండూ కలిసి కనిపించాయన్నారే తప్ప దీనివల్లే అది జరిగిందని తేల్చలేదు. తల్లి తప్పని అసలే అనలేదు. బిడ్డ మెదడుకు సెరటోనిన్ అనే రసాయనం మాయ నుంచి అందుతుందన్న సంగతి 2011లో ఎలుకల్లో తేలింది, ఆ ముక్క మీరు చివరి వరుసలో వేశారు. మాయ చాలామటుకు బిడ్డ కణాలతోనే తయారవుతుంది, అందులో తండ్రి జన్యువులూ ఉంటాయి. మరి నింద ఒక్క తల్లికేనా?

టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుందో ఆంధ్ర హద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి వచ్చి చూడండి. ఆంధ్రలోని పాతపట్నం వైపు నుంచి వచ్చిన కోడళ్లకు ఒడియా చదవడం రాదు. మా కోడలికి ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు మొత్తం ఒడియాలోనే. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆశా దీదీ వచ్చి చెప్పేదాకా తెలియదు. రెండేళ్ల కిందట మా పెద్దమ్మాయికి నొప్పులొస్తే రాత్రి తొమ్మిదింటికి ఒక ఆసుపత్రిలో డాక్టర్ లేరు, బరంపురం వెళ్లమన్నారు. శ్రీకాకుళం తీసుకెళ్తామంటే బండి హద్దు దాటదన్నారు. ఒడిశా ఏర్పడినప్పుడు 1936లో గీసిన హద్దు అది. నొప్పులు పడుతున్న మనిషికి ఏ రాష్ట్రమైతేనేం? ఎన్నికలప్పుడు తెలుగులో మాట్లాడే నాయకులు ఆ తర్వాత ఒక్క కార్డు తెలుగులో అచ్చు వేయించలేకపోయారు. మా చిన్నప్పుడు ఇక్కడ తెలుగు చదువుకు ఉన్న విలువ ఇప్పుడు లేదు.

ఆ శీర్షిక తప్పని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. మా అమ్మాయికి చూపించాలి.

– ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా